గుట్టకూ గీతకూ నడుమ

మా బావగారు పోయారన్న కబురు నాకు ఫోనులో అందింది. నార్కట్‌పల్లి దవాఖానలో ఆ పూట ఆయన పక్కన మా బిడ్డ ఉంది. బట్టలు మార్చుకుని, ఇంట్లో దీపం పెట్టి వస్తానని నేను పొద్దున్నే బస్సెక్కి ఊరికి వచ్చాను. వత్తి వెలిగించి కండ్లు మూసుకునేసరికి ఫోను మోగింది.

"అమ్మా, పెద్దబాపు పోయిండే" అంది. దాని వెనక దవాఖాన చప్పుళ్లు వినబడుతూనే ఉన్నాయి.

ఫోను పక్కన పెట్టి మళ్లీ దేవుని గూటి వైపు తిరిగాను. అలవాటుగా ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఆ గూటి ముందు నేను పలికిన మాటల్లో సగం దేవుడికి చెప్పినవి కావు. వెనక అరుగు మీద కూర్చున్న బావగారికి చెప్పినవి.

చదివేవాళ్లలో కొందరికి ఇది తెలియకపోవచ్చు. భర్త అన్నను మా దిక్కు బావ అంటాం. మా ఇండ్లల్లో బావ ముందు కోడలు ఎదురుగా నిలబడదు, ముఖం చూసి మాట్లాడదు. అప్పగింతలప్పుడు మా అమ్మ నా చెవిలో చెప్పిన మాటల్లో అది మొదటిది. ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది గానీ మాకు అది భయమూ కాదు, కోపమూ కాదు. ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలిసినట్టే ఎవరితో ఎంత మాట్లాడాలో కూడా తెలిసేది, అంతే. చెప్పవలసింది ఏదైనా ఉంటే నడుమ మా ఆయన ఉండేవాడు.

మాది రాచకొండ గుట్టల కింద నేత ఊరు. మా ఆయన మగ్గం నేసేవాడు. బావగారిది చిటికి పని. డిజైను ప్రకారం నూలుకు అక్కడక్కడ గట్టిగా ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కట్టిన చోట రంగు ఎక్కదు, తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపే చీర మీద పువ్వవుతుంది, చిలకవుతుంది. చీరల నమూనాలు ఫొటో తీసి పట్నం షాపులకు పంపాలని ఆయన ఒకప్పుడు పాత కెమెరా కొన్నారు. నమూనాలు తీయడం తొందరలోనే మానేశారు గానీ కెమెరా మాత్రం చేతిలో ఉండిపోయింది. మా యారాలు, అంటే ఆయన భార్య, పిల్లలు కాకముందే పోయింది. ఆయన మళ్లీ పెండ్లి మాట ఎత్తనివ్వలేదు. సాయంత్రం రంగు చేతులు కడుక్కుని దాబా ఎక్కి గుట్టలను ఫొటో తీసేవారు. వానకు ముందు గుట్టలు, వాన తర్వాత గుట్టలు, ఎండాకాలం మంట అంటుకున్న గుట్టలు. "గా రాళ్లల్ల ఏమున్నదన్నా, దినాం గవే కదా?" అని మా ఆయన అడిగితే, "గవే కావురా. నిన్నటియి నిన్ననే పోయినయ్" అనేవారు.

గుట్టలు కాకపోతే మమ్మల్ని తీసేవారు. మా బిడ్డ బోర్లా పడ్డది, బడికి పోయింది, చెవులు కుట్టించుకుని ఏడ్చింది, అన్నీ ఉన్నాయి. నా ముఖం ఉన్న ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. కెమెరా వెనక ఉన్నది బావగారి కన్ను. దాని ఎదురుగా ఎట్లా నిలబడతాను?

"ఆమెను జర ఇటు చూడుమను" అనేవారు ఆయన తమ్ముడితో.

"ఏమే, మా అన్న ఇటు చూడుమంటుండు."

"చూడరాదని చెప్పుండ్రి."

"చూడరాదంటున్నదన్నా."

"ఇనవడ్డదిరా నాకు, చెవుడు రాలే. సరే గని కదలకుమను. కదిలితే మనిషి చెదిరిపోతది."

అట్లా ఏ ఫొటో చూసినా ఒక మూలన నా కొంగు ఉంటుంది, ఒక్కోసారి చేయి ఉంటుంది. "మా ఇంట్ల నా పెండ్లాన్ని కొంగు చూసి గుర్తుపట్టాలె" అని మా ఆయన అందరికీ చెప్పి నవ్వేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఆయన పోయాడు. అప్పటికే మా బిడ్డకు షాద్‌నగర్‌లో కంపెనీలో పని దొరికింది. కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయిన నాడు ఇంట్లో బావగారూ నేనూ ఇద్దరమే మిగిలాం. పొద్దుగూకింది. ఆయన అరుగు మీద, నేను పొయ్యి దగ్గర. రొట్టెలు అయ్యాయి. పిలవాలి. ఎవరితో పిలిపించాలి? చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. చివరికి దేవుని గూటి ముందుకు పోయి, "సామీ, రొట్టెలైనయ్. చల్లారితే గట్టివడ్తయ్" అన్నాను.

అరుగు మీద చప్పుడయింది. ఆయన లేచి కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. తిని లేస్తూ స్తంభానికి చెప్పారు, "ఉప్పు సరిపోయింది" అని.

ఆ పూట నుంచి మా మాటలు అట్లా నడిచాయి. నేను దేవునికి చెప్పేదాన్ని. ఆయన స్తంభానికో, మెట్లకో, వాకిట్లో తిరిగే కోడికో చెప్పేవారు. మా బిడ్డ సెలవుకు వచ్చి రెండు పూటలు విని, కడుపు పట్టుకుని నవ్వింది. "దేవుణ్ని పోస్టుమాన్‌ను చేస్తివి కదనే అమ్మా. జీతం గిట్ల ఇస్తున్నవా లేదా?" అంది.

"కొబ్బరికాయ కొడుతున్న కదా" అన్నాను.

నవ్వాం గానీ, పూటకు రెండు మాటలు ఉన్న ఇల్లు ఎంత పెద్దగా ఉంటుందో దానికి తెలియదు. మగ్గం ఆగిపోయిన ఇల్లు. గోడ అవతల పక్కింటి మగ్గం టకటకలాడుతుంటే మా గదిలో గిన్నె పెట్టిన చప్పుడు కూడా నాకే ఎక్కువ అనిపించేది.

ఆకాశంలో నడిచే చుక్కలను బావగారు ఆ రోజుల్లోనే పట్టుకున్నారు. ఒక సందెవేళ మెట్ల దగ్గర దగ్గి, మెట్లకు చెప్పినట్టుగా, "గుట్ట మీదికెళ్లి ఒకటి వస్తదట. చూసేటోళ్లు చూడొచ్చు" అన్నారు. నేను దాబా ఎక్కి ఒక మూల నిలబడ్డాను. పడమట గుట్ట మీద నుంచి చుక్క ఒకటి లేచి, రెప్ప వేయకుండా, చప్పుడు లేకుండా మా నెత్తి మీదుగా నడిచి తూర్పు దిక్కున మసకబారి ఆరిపోయింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"ఉపగ్రహం అది" అన్నారు ఆయన, గోడకు.

ఉపగ్రహం అన్న మాట పట్టుకుని నేను మూడు రోజులు భయపడ్డాను. శనివారం శనివారం నవగ్రహాల చుట్టూ తిరిగేదాన్ని. తొమ్మిది గ్రహాలకే ఇంత ఉంటే ఇది పదోదా, దీనికి శాంతి ఏంది, ఇది ఎవరి నెత్తి మీదుగా పోతే ఏమవుతుంది? ఉండబట్టలేక గూటి ముందు అడిగాను. "సామీ, గీ ఉపగ్రహం పట్టుకుంటే ఏం చేయాలె?"

అరుగు మీద నవ్వు ఆపుకున్న దగ్గు వినిపించింది. ఆయన నన్ను వెక్కిరించలేదు. నెమ్మదిగా స్తంభానికి విప్పి చెప్పారు. "గది శని లెక్క పట్టుకునేది కాదు. మనుషులు చేసి పైకి ఇడిసింది. పొద్దు గూకినా పైన దానికి ఇంకా ఎండ తగుల్తది, గందుకే మెరుస్తది. నిన్న పోయినదాంట్ల మనుషులు గూడ ఉంటరు. నెలలకు నెలలు దాంట్లనే తింటరు, దాంట్లనే పంటరు."

నాకు తిండి దిగలేదు. అంత ఎత్తున, ఊరు లేదు, వాడ లేదు, పండుగ లేదు. మళ్లీ అది పోయినప్పుడు భయం లేకుండానే దండం పెట్టాను. ఆయన చూశారు. "పెట్టుడు మంచిదే" అన్నారు గోడతో. "వాళ్లకు గూడ ఎవరున్నరు పైన."

మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టి, వైరు చివర ఉన్న బటన్ నొక్కి పట్టుకునేవారు. పట్టుకున్నంతసేపు కెమెరా కన్ను తెరుచుకుని ఉంటుంది. చుక్క నడిచిన దారంతా ఫొటోలో తెల్లగీతై పడుతుంది. అట్లా చాలా గీతలు తీశారు. అన్నీ వట్టి ఆకాశంలోనే పడ్డాయి. ఆయన కోరిక ఒక్కటే. గీత గుట్ట మీది నుంచి మొదలు కావాలి. రాచకొండ గుట్టల నడుమ ఒక చోట రెండు బండలు ఎడంగా ఉండి సందు ఉంటుంది. ఆ సందులో నుంచి చిలక బయటికి వచ్చినట్టు గీత రావాలి. దానికి చుక్క ఆ దారినే రావాలి, సందెవేళే రావాలి, మబ్బు ఉండకూడదు. ఏడాదికి ఎప్పుడో గానీ అన్నీ కలవవు.

ఈలోగా షుగరు ఆయన కండ్లకు దిగింది. ముందు చిటికి ముడులు కనబడడం మానేశాయి, పని వదిలేశారు. తర్వాత చుక్కలు పోయాయి. గుట్టలు మాత్రం నల్లగా ముద్దగా తెలిసేవి. పట్నంలో కండ్లకు సూదులు వేయించుకుని వచ్చి, ఒక రోజు అరుగు మీద కూర్చుని ఎవరికీ చెప్పనట్టుగా చెప్పారు. "ఉన్న చూపు గూడ ఎక్కువ రోజులు నిలువదన్నడు డాక్టరు. గా ఒక్క ఫొటో దిగితే సాలు."

కెమెరాకు చూపు ఉంది. దానికి ఎప్పుడు తెరవాలో చెప్పేవాళ్లు లేరు. ఫోను చూస్తే ఏ నిమిషానికి వస్తుందో తెలుస్తుంది గానీ, గుట్ట ఎత్తు ఫోనుకు తెలియదు. ముందే తెరిస్తే సందెవెలుగు పేరుకుని ఫొటో తెల్లబడుతుంది. ఆలస్యమైతే గీత గుట్టను వదిలేస్తుంది. సందులో చుక్క కనబడగానే ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఆ ఇంట్లో నేనే.

అన్నీ కలిసే సందె ఒకటి వచ్చింది. నేను మూలన నిలబడి సందు మీదే కన్ను పెట్టాను. ఆయన బటన్ మీద బొటనవేలు పెట్టుకుని తల వంచి చెవి నా దిక్కు పెట్టారు. చుక్క వచ్చింది. నా నోట వచ్చిన మాట ఇది: "వచ్చెనే సామీ!"

ఆయన కదల్లేదు. చుక్క గుట్ట దాటింది, నెత్తి మీదికి వచ్చింది. నేను మళ్లీ, "సామీ, పోతాంది సామీ" అన్నాను. ఆయన అట్లాగే తల వంచి నిలబడ్డారు. చుక్క తూర్పున ఆరిపోయాక గోడను అడిగారు, "ఇంకా రాలేదా?" అని.

నేను దండం పెట్టుకుంటున్నాననుకున్నారట. మధ్యలో చప్పుడు చేస్తే పాపమని ఊరుకున్నారట.

ఫోనులో మా బిడ్డకు చెప్తే ఈసారి అది నవ్వలేదు. "ఒక్క మాట ఆయనకే చెప్తే ఏం పోతదే అమ్మా?" అంది.

"మీ అమ్మమ్మ మాట పోతది."

"అమ్మమ్మ నిన్ను మాట్లాడకుమన్నది మర్యాదకు. గుడ్డాయన్ని చీకట్ల నిలవెట్టుమనలే కదా."

ఆ మాట నాలో గుచ్చుకుంది. మళ్లీ అదే దారిన చుక్క వచ్చేదాకా నేను ఆ ఒక్క ముక్క కోసం నోరు సాధన చేశాను. గిన్నెలు తోముతూ మెల్లగా అని చూసుకునేదాన్ని. వినబడకుండా అనడం కష్టం కాదు. వినబడేలా అనడమే గొంతులో అడ్డం పడేది.

సందు మీద కన్ను పెట్టి నిలబడ్డాను. మబ్బు లేదు. చలి మొదలైన రోజులు. రెండు బండల నడుమ మొదట ఒక మసక, తర్వాత మెరుపు.

"బావా, వచ్చింది. తెరువుండ్రి."

ఆయన తల ఎత్తారు. నా దిక్కు పూర్తిగా తిరిగారు. ఆ ముసిరిన కండ్లకు నేను కనబడి ఉండను, అయినా తిరిగారు. నేను కొంగు లాక్కోలేదు. "బటన్, బావా" అన్నాను మళ్లీ. అప్పుడు నొక్కారు. చుక్క పోయే దారంతా చెప్తూ పోయాను. ఇప్పుడు వేపచెట్టు మీద ఉంది, ఇప్పుడు నడినెత్తికొచ్చింది, ఇగ మూయుండ్రి.

కిందికి దిగాక ఆయన కెమెరా వెనక ఫొటో కనబడే అద్దాన్ని ముక్కుకు ఆనించుకుని చూశారు. కనబడలేదు. నా చేతికి ఇచ్చారు. ఇన్నేళ్లలో ఆయన చేతి నుంచి నా చేతికి వస్తువు రావడం అదే మొదలు.

"గీత పడ్డదా?"

"పడ్డది బావా. మంచిగ తెల్లగున్నది."

"గుట్టను అంటిందా?"

అబద్ధం ఆడవచ్చు. ఆయనకు తెలిసేది కాదు. "అంటలేదు బావా. నడుమ జర జాగా ఉంది. వేలు పట్టేటంత."

ఆయన నవ్వారు. "గా జాగా నీ మాటకు పోయిందమ్మా. నువ్వు బావా అనంగనే ఈ చెయ్యి నాది కాకుంట పోయింది."

ఆ ఫొటో కింది మూలలో దాబా గోడ పక్కన ఒక నల్లని మనిషి నీడ ఉంది. వీపు ఇటు, ముఖం గుట్టల వైపు. నేనే. నన్ను ఫొటోలో పెట్టినట్టు ఆయన ముందు చెప్పలేదు. చుక్క వెంట మెడ తిప్పాను కాబట్టి తల కొంచెం చెదిరింది. తల మీద కొంగు మాత్రం లేదు.

"మల్లొక్కసారి తీద్దాం" అన్నారు. "ఈసారి గుట్టను అంటాలె."

ఆ తర్వాత మేమేం పెద్దగా మాట్లాడుకున్నామని కాదు. ఆకాశం గురించే. మబ్బుందా అమ్మా, ఉంది బావా. అంతే. కానీ ఆ రెండు మాటలు మనిషి నుంచి మనిషికి వచ్చేవి. మళ్లీ ఆ దారిన చుక్క వచ్చిన రోజుల్లో ఒకసారి మబ్బు కమ్మింది, ఒకసారి ఆయనకు జ్వరం. ఆ జ్వరమే కిడ్నీలకు తిరిగి నార్కట్‌పల్లి చేర్చింది.

దవాఖానలో సాయంత్రాలు ఆయన అడిగేవారు. "కిటికీలకెళ్లి గుట్టలు కనవడ్తున్నయా?"

"కనవడ్తలేవు బావా. రోడ్డు కనవడ్తాంది. లారీలు పోతున్నయ్."

"లైట్లేసుకున్నయా? ఎటు పోతున్నయో చెప్పు."

నేను చెప్పేదాన్ని. ఒకటి పట్నం దిక్కు. ఒకటి ఇటు మల్లింది. రెండు వెంట వెంట పోతున్నయ్. ఆయన దుప్పటి మీద వేలితో గీతలు గీస్తూ వినేవారు. పక్క మంచం ఆమె నన్ను అడిగింది, "మీ ఆయనా?" అని. "మా బావ" అన్నాను. "మంచిగ మాట్లాడుకుంటున్నరు" అంది. నేను మళ్లీ కిటికీ దిక్కు తిరిగి లారీలు చూశాను.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ల పేరు మీద వండిన బువ్వ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తాం. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని అనుకుంటాం. ఆ కోరిక తీరుస్తామని మాట ఇస్తే ముడుతుంది. మా దాబా మీద విస్తరి పెట్టి అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకి ఒకటి వచ్చింది గానీ విస్తరి దగ్గరికి రాలేదు. పిట్టగోడ మీద వాలి, మాకు వీపు పెట్టి, గుట్టల దిక్కు చూస్తూ కూర్చుంది.

"సచ్చినంక గూడ గుట్టలనే చూస్తుండు మా అన్న" అంది మా ఆడబిడ్డ. నవ్వబోయి ఏడ్చింది. తర్వాత నన్ను అడిగింది. "ఏం మిగిలెనో ఏమో. నీకేమన్న ఎరికేనా వదినె?"

అందరూ నా దిక్కు చూశారు. నేను ముందుకు పోయి పిట్టగోడ దగ్గర నిలబడ్డాను.

"బావా, గీత గుట్టను అంటేటట్టు మల్లొక్కసారి తీద్దామంటిరి. నాకు గా కెమెరా రాదు. చుక్క వచ్చిందని చెప్పుడైతే చెప్తగని, తీసుడు రాదు."

అంతకుముందు నేను ఆయనతో మాట్లాడగా అక్కడున్నవాళ్లు ఎవరూ ఎన్నడూ వినలేదు.

"తీస్తమని చెప్పు వదినె" అని మా ఆడబిడ్డ నా చెవిలో అంది. "గట్ల చెప్తెనే ముట్టుతది."

"రానిది వస్తదని ఆయనకెట్ల చెప్పాలె వదినె?"

కాకి కదల్లేదు. ఎండ ఎక్కింది. విస్తట్లో బువ్వ పైపైన ఎండిపోయింది. చిన్నపిల్లలు ఆకలని గోల పెడితే ఒక్కొక్కరే కిందికి దిగారు. ఆవుకు పెడితే సరిపోతుందని ఎవరో అన్నారు. కింద గిన్నెల చప్పుడు మొదలైంది. మా బిడ్డ మెట్ల మీద నుంచి రెండుసార్లు పిలిచింది. వస్తానన్నాను. కాకికి ఇటు పక్క, కొంచెం ఎడంగా, పిట్టగోడకు ఆనుకుని నేను కూడా గుట్టల దిక్కు చూస్తూ కూర్చున్నాను.